దోసిలి పట్టిన చేతులు

వామనమూర్తికి ఒకటే దిగులు. కంబగిరి స్వామి మఠానికి వచ్చి రెండేళ్ళు దాటింది. స్వామి అతని చేత బావిలో నీళ్ళు తోడించాడు, పశువులపాక ఊడిపించాడు, వచ్చినవాళ్ళకు సంగటి ముద్దలు పెట్టించాడు. గురువారం జనం కూడినప్పుడు మాత్రం ఒక్కసారైనా నోరు విప్పమనలేదు.

చెప్పడానికి సరుకు లేక కాదు. ప్రపంచంలోని మతాల గురించి చదివి పట్టా పుచ్చుకున్నవాడు. కోస్తాలో ఒక కాలేజీలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పినవాడు. నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి ఎప్పుడూ అతని సంచిలో ఉండేది. యూదులు శనివారం పొయ్యి ఎందుకు వెలిగించరు, జైనులు పొద్దుగూకాక ఎందుకు తినరు, బౌద్ధ భిక్షువులు మధ్యాహ్నం దాటితే అన్నం ఎందుకు ముట్టరు, క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసానికి మూలం ఏమిటి, సిక్కుల గురుద్వారాలో అందరూ ఒకే బంతిన ఎందుకు కూర్చుంటారు, అన్నీ అందులో ఎర్ర సిరాతో, నీలం సిరాతో ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసి ఉండేవి. అడిగినవాళ్ళకు చెప్పేవాడు. అడగనివాళ్ళకు ఇంకాస్త వివరంగా చెప్పేవాడు.

ఆ వేసవిలో ధైర్యం చేసి స్వామినే అడిగాడు. మఠం ఉన్నది మూడు దార్ల కూడలిలో. ఒక దారి కొండమీది దర్గాకు పోతుంది, ఒకటి నరసింహస్వామి గుడికి, ఇంకొకటి మేరీమాత చర్చికి. కొండ వెనక జైనుల గుహ ఒకటి ఉంది. ఇన్ని మతాలవాళ్ళు మన గుమ్మం ముందునుంచే పోతున్నారు, ఒకరి ఆచారం ఒకరికి తెలియదు, తెలియజెప్పే పని తనకు అప్పగించమని బతిమాలాడు.

స్వామి కాసేపు కొండ వైపు చూసి, "అందరూ దప్పికతోనే పోతాండారు నాయనా. రేపట్నుంచి చలివేంద్రంలో కూచో" అన్నాడు.

చలివేంద్రం మఠం ముందే, బస్సులు ఆగే చోట. తాటాకు పందిరి, కింద ఇసుకలో పాతిన ఆరు కుండలు, వాటికి చుట్టిన తడిగుడ్డలు, నీళ్ళలో వట్టివేళ్ళు. గ్లాసులు ఉండవు. వచ్చినవాళ్ళు వంగి దోసిలి పడితే చెంబుతో పోయడమే. ఇక చాలనుకున్నవాళ్ళు వేళ్ళు విడదీస్తారు. అప్పటిదాకా ధార ఆపకూడదు.

మొదటిరోజు స్వామే పక్కన నిలబడి పని చూపించాడు. చూపించి, "చేతులు చూసి పొయ్యి. మొగాలు చూడొద్దు" అన్నాడు.

నీళ్ళు కింద పోకుండా ఉండటానికి కాబోలు అనుకున్నాడు వామనమూర్తి. ఎండలకు బావి అడుగంటుతోంది మరి.

మొగాలు చూడకుండా ఉండటం అతని వల్ల అయ్యే పని కాదు. మొగం చూస్తేనే కదా మతం తెలిసేది, మతం తెలిస్తేనే కదా ఏదైనా చెప్పడానికి వీలయ్యేది. ఒకనాడు తెల్లచీరల్లో, నోటికి గుడ్డ కట్టుకున్న జైన సాధ్వులు నలుగురు వచ్చారు. వాళ్ళు కాచిన నీళ్ళే తాగుతారని అతనికి తెలుసు. పరుగున పోయి వంటింట్లో నీళ్ళు కాయించి, చల్లార్చి తెచ్చి పోశాడు. వాళ్ళు ఎంతో సంతోషించారు. స్వామి కూడా విని, మంచి పని చేశావన్నాడు. నిజంగానే మంచి పని. కాదనడానికి లేదు. అయితే ఆ మెప్పుతో మనవాడికి ఇంకో కొమ్ము మొలిచింది.

రంజాన్ నెల వచ్చింది. ఆ ఏడు అది నడివేసవిలో పడింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం బస్సు ఆగింది. గుడికి పోయే ఆడవాళ్ళు పదిమంది దాకా దిగి పందిరి కిందికి వచ్చారు. వాళ్ళ వెనక ఒక ముసలాయన దిగాడు. తలకు తెల్ల టోపీ, నెరిసిన గడ్డం, గళ్ళ లుంగీ, భుజాన ఖాకీ సంచి. ఆడవాళ్ళంతా తాగేదాకా ఓ వారగా నిలబడి, చివర్న వచ్చి, వంగి, దోసిలి పట్టాడు.

వామనమూర్తి చెంబు ఎత్తి, టోపీ చూసి, ఆపేశాడు.

పెద్దాయన ముఖం కడుక్కోవడానికి అడుగుతున్నాడేమో అన్న అనుమానం వచ్చింది. అంతకంటే ముందు, ఇంతమంది ఎదురుగా ఉన్నారు కదా, ఇదే సమయం అన్న ఆలోచన వచ్చింది. చెంబు కింద పెట్టి చేతులు జోడించాడు.

"చూడండమ్మా. మనం గంట ప్రయాణానికే గొంతెండిపోతోందంటాం. ఈ పెద్దాయన ఈ ఎండలో, ఈ వయసులో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. తెల్లవారుజామునుంచి పొద్దుగుంకేదాకా ఉమ్మి కూడా మింగనంత నిష్ఠ. భక్తి అంటే ఇదీ."

తర్వాత ఆ నెల గొప్పతనం గురించి మరో నాలుగు మాటలు చెప్పాడు. ఆడవాళ్ళు అబ్బురంగా చూశారు. ఒకావిడ చెప్పులు విడిచి ముసలాయనకు దణ్ణం పెట్టింది.

ముసలాయన దోసిలి మెల్లగా విడిపోయింది. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు, అవి తడవకపోయినా. ఒక నవ్వు నవ్వి, సంచి సర్దుకుని, దర్గా దారి పట్టాడు. ఆ నవ్వును వామనమూర్తి వినయం అనుకున్నాడు. మధ్యాహ్నమంతా హుషారుగా నీళ్ళు పోశాడు.

రెండు గంటలు గడిచాయేమో, దర్గా దారినుంచి ఒక ఆటో వచ్చి మఠం ముందు ఆగింది. కొండకింద పల్లెకు పోయిన స్వామి అందులో ఉన్నాడు. ఆయన ఒడిలో ముసలాయన తల ఉంది. టోపీ లేదు. పెదాలు తెల్లగా పిడచగట్టి ఉన్నాయి. దారిపక్కన కంపచెట్టు కింద పడి ఉంటే చూసి ఎక్కించుకొచ్చారట.

ఇద్దరూ కలిసి లోపలికి మోసుకుపోతుంటే స్వామి అడిగాడు. "ఈడ నీళ్ళు తాగినాడా ఈయప్ప?"

"లేదు స్వామీ. ఆయన ఉపవాసంలో ఉన్నారు."

స్వామి డాక్టరుకు కబురు పంపాడు.

ఊరి డాక్టరు వచ్చి సూది వేశాడు. ముసలాయనకు షుగరు జబ్బు. పొద్దున మాత్ర వేసుకుని ఏమీ తినకపోవడంతో షుగరు పడిపోయింది, దానికి వడదెబ్బ తోడైంది. ఇంకో అరగంట ఆ కంపచెట్టు కిందే ఉంటే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. ముసలాయన చేతికి నాడి చూస్తుంటే ఆ చెయ్యి పట్టుకున్నది వామనమూర్తే. కుడిచేతి చూపుడువేలు కొక్కెంలా వంకరపోయి ఉంది. అరచెయ్యంతా సూదిపోట్లు. ఇందాక ఇవే చేతులు తన ముందు దోసిలి పట్టాయి. అప్పుడు ఒక్క క్షణమైనా వాటి వైపు చూసినట్టు అతనికి గుర్తు లేదు.

ఖాకీ సంచి విప్పితే మాత్రల చీటీ, అరటాకులో కట్టిన చిత్రాన్నం పొట్లం కనిపించాయి. పొట్లం దారం విప్పలేదు. వామనమూర్తి దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, తన గదికి పోయి, నల్ల అట్ట నోటుపుస్తకం తీశాడు. రంజాన్ అని రాసిన పేజీ తెరిచాడు. 'రోగులకు, ప్రయాణంలో ఉన్నవారికి మినహాయింపు కలదు. వేరే రోజుల్లో తీర్చుకోవచ్చు. అదీ చేతకానివారు ఒక పేదవానికి అన్నం పెట్టాలి.' తన చేతిరాతే. కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి. కాలేజీలో పిల్లలకు దీని గురించి గంటసేపు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. చెవులు వేడెక్కిపోయాయి. పుస్తకం మూసి, ఎవరైనా చూశారేమోనని వాకిలి వైపు చూశాడు.

సాయంత్రానికి ముసలాయన లేచి కూర్చున్నాడు. పేరు సిలారు సాబు. పరుపులు కుట్టేవాడు. దూది ఏకీ ఏకీ వేలు అలా వంగిపోయిందట. మఠం వసారాలో మంచం వేసి పడుకోబెట్టారు. చుట్టుపక్కలవాళ్ళు పదిమంది చూడటానికి వచ్చి నిలబడ్డారు.

వామనమూర్తి వాళ్ళ మధ్యనుంచి తోసుకుంటూ వచ్చి ఆ మంచం ముందు సాష్టాంగపడ్డాడు. "నన్ను క్షమించండి తాతగారూ. మీరు నీళ్ళడిగితే ఇవ్వని పాపిని నేను. జబ్బుతో ఉపవాసం ఉండలేక దాహంతో వచ్చారని తెలుసుకోలేకపోయాను" అని అందరికీ వినబడేటట్టు ఏడ్చాడు.

సిలారు సాబు కాళ్ళు గబుక్కున పైకి లాక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

"మళ్ళా నలుగుర్లో పెడ్తివా సామీ" అన్నాడు తువ్వాలు లోపలినుంచి.

స్వామి వచ్చి జనాన్ని పంపేశాడు. మంచం లోపలి గదిలోకి మార్పించి, తలుపు దగ్గరగా వేసి, వామనమూర్తిని గడప దగ్గర కూర్చోమన్నాడు. లోపల ముసలాయన స్వామితో చెప్పడం మొదలుపెట్టాడు. పదమూడో ఏటినుంచి ఏ యేడూ తప్పకుండా ఒక్కపొద్దులు ఉన్నాడట. దూది దుమ్ములో దగ్గుతూ కూడా ఉన్నాడట. ఈ యేడు వాళ్ళ ఊరి డాక్టరమ్మ వద్దనింది. మతం కూడా ఉండాల్సిన పని లేదనే చెబుతుంది, ఆ సంగతి అతనికి తెలుసు, రోజూ ఒక పేదవాడికి అన్నం కూడా పెడుతున్నాడు. కానీ సిగ్గు మాట వినదు కదా. ఇంట్లో కోడలు నిండు చూలాలు, వద్దంటే వినకుండా ఉంటోంది. ఆ పిల్ల ముందర తాగలేక, పీర్లసావిడి దగ్గర కూర్చునే వాళ్ళ ముందర తినలేక, ఎవరూ ఎరగని చోటికి రావాలని దర్గాకు బయల్దేరాడు.

"బస్సు కొండకింద దాకా పోతాది సామీ. నేనే ఈడ దిగితి. ఈ చలివేంద్రంలో మొగాలు చూడకుండా నీళ్ళు పోస్తారని మా ఊరోళ్ళు చెప్తాంటారు. అందుకనే ఈడ దిగితి."

గడప దగ్గర వామనమూర్తి తల ఎత్తలేదు. ఎత్తితే స్వామి కళ్ళు కనబడతాయని భయం.

ఆ సాయంత్రం అతను సంగటి తినలేదు. స్వామి తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. పొమ్మన్నా బాగుండేది. స్వామి పళ్ళెం కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు గురువారం. జనం మామూలుకంటే ఎక్కువ వచ్చారు. వామనమూర్తి ముఖం చాటేసుకుని, కడుపులో ఆకలి నకనకలాడుతుంటే, వంటింటి వైపు నడుస్తున్నాడు. అంతలో అరుగుమీదినుంచి స్వామి గొంతు వినిపించింది.

"మా వామనమూర్తి ఈపొద్దు ఒక్కపొద్దు ఉండాడు. ఈ ఎండలో, పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టడు. భక్తి అంటే ఇదీ."

వామనమూర్తి ఉన్నచోటే నిలబడిపోయాడు. అవి తన మాటలే, సిలారు సాబు చెప్పి ఉంటాడు. స్వామి ముఖంలో వేళాకోళం లేదు, కోపం లేదు. జనమంతా ఇటు తిరిగారు. కాదు, నేనేమీ ఉండటం లేదు, టిఫినుకే పోతున్నాను అని అనాలి. అంటే గురువు అబద్ధమాడినట్టవుతుంది. ఇంతలో ఒక పెద్దావిడ వచ్చి అతని పాదాలకు మొక్కింది. నిజం చెప్పాలంటే అది ఒక్క క్షణం తియ్యగా కూడా ఉంది. ఆ తీపి వల్లే నోరు ఇంకా మూతబడింది.

చలివేంద్రంలో కూర్చున్నాడు. రోజూ చేసిన పనే. పోసే ప్రతి చెంబూ తన గొంతు ముందునుంచే పోయినట్టుంది. వట్టివేళ్ళ వాసన వస్తే నాలుక అంగిలికి అంటుకుపోయేది. నీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళలో కొందరు ఈయనేనట అని ఒకరికొకరు చూపించుకున్నారు. ఒకామె బిడ్డను తెచ్చి, ఉపవాసంలో ఉన్న చేతులు కదా, తలమీద పెట్టమంది. పెట్టాడు. చెయ్యి వణికింది. ఆ తల్లి దాన్ని కూడా భక్తే అనుకుంది.

మూడు గంటలకు ఇక నిలవలేకపోయాడు. ఎవరూ లేని సందు చూసి, చెంబు నింపుకుని, దొంగలా పశువులపాక వెనక్కి పోయాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చెంబు నోటిదాకా ఎత్తాడు. అడుగుల చప్పుడైంది. గబాలున చెంబు వీపు వెనక దాచుకున్నాడు. సగం నీళ్ళు పంచెమీద ఒలికాయి.

వచ్చింది స్వామి.

ముప్పయి రెండేళ్ళ మనిషి, నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, నీళ్ళ చెంబు వెనక దాచుకుని, తడిసిన పంచెతో గురువు ఎదుట నిలబడ్డాడు. అంత సిగ్గు అతను పుట్టి బుద్ధెరిగాక పడలేదు.

స్వామి దగ్గరికి వచ్చి భుజంమీది ఉత్తరీయం తీశాడు. అటు తిరిగి, జనం ఉన్న వైపు ముఖం పెట్టి, ఉత్తరీయాన్ని రెండు చేతులతో చాపి తెరలాగా పట్టుకున్నాడు.

"తాగు నాయనా" అన్నాడు వెనక్కి చూడకుండా.

వామనమూర్తి తాగాడు. మిగిలినవి నాలుగు గుక్కలే. తాగుతుంటే పొలమారింది, ఏడుపు వచ్చింది. అతని దగ్గు ఆగేదాకా స్వామి చేతులు దించలేదు. డెబ్బై దాటినవాడు, మోచేతులు వణుకుతూనే ఉన్నాయి. తర్వాత ఉత్తరీయం మడిచి భుజాన వేసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ పొద్దు చీకటి పడకముందే వామనమూర్తి సిలారు సాబు ఉన్న గదికి అన్నం పట్టుకెళ్ళాడు. పళ్ళెం పెట్టి, నీళ్ళు పెట్టి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ముసలాయన తిని, చెయ్యి కడుక్కున్న చప్పుడు వినబడేదాకా వసారాలో అటు తిరిగి నిలబడ్డాడు. ఎవరో చూడటానికి వస్తే, పడుకున్నాడు, రేపు రండని పంపేశాడు. తను మాత్రం క్షమించమని మళ్ళీ అడగలేదు. అడగాలని గొంతుదాకా వచ్చింది. దాన్ని దిగమింగుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే సిలారు సాబు లేచి ఆటోలో దర్గాకు వెళ్ళాడని తెలిసింది. తనకు చెప్పకుండానే వెళ్ళాడు. చెప్పడానికి తనెవరు అనుకున్నాడు వామనమూర్తి. అయినా లోపల ఎక్కడో చివుక్కుమంది.

మధ్యాహ్నం బస్సు వేళకు జనం కమ్ముకున్నారు. కొండనుంచి దిగేవాళ్ళు, గుడికి పోయేవాళ్ళు, చర్చి దారిలో పోయేవాళ్ళు వరసగా నిలబడ్డారు. స్వామి పందిరి గుంజకు ఆనుకుని ఒక కుండకు తడిగుడ్డ చుడుతున్నాడు. వామనమూర్తి తల వంచుకుని చెంబు ముంచుతున్నాడు, పోస్తున్నాడు. గాజుల చేతులు వచ్చాయి. సిమెంటు మరకల చేతులు వచ్చాయి. చిన్న చేతులు వస్తే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోకుండా సన్నగా పోశాడు. వేళ్ళు విడిపోయేవి, ఇంకో దోసిలి వచ్చేది.

తర్వాత వచ్చిన దోసిలిలో కుడి చూపుడువేలు కొక్కెంలా వంకరగా ఉంది.

వామనమూర్తి మెడ దానంతట అదే పైకి లేవబోయింది. ఒక్కసారి ఆ ముఖం చూస్తే చాలు, అందులో తనమీద కోపం ఉందో లేదో తెలిసిపోతుంది. రెండు రోజులుగా అతను తెలుసుకోవాలనుకున్నది అదొక్కటే. మెడ నరాలు బిగబట్టి, సూదిపోట్లున్న ఆ అరచేతుల్నే చూస్తూ చెంబు వంచాడు.

మొదటి చెంబు అయిపోయింది. వేళ్ళు విడిపోలేదు. రెండోది పోశాడు. మూడోది పోశాడు. వెనక నిలబడ్డవాళ్ళు కదిలారు, గొణిగారు. నాలుగో చెంబు సగంలో ఉండగా వేళ్ళు మెల్లగా విడిపోయాయి. తడి చేతులు ఒక క్షణం అక్కడే ఆగి, తప్పుకున్నాయి.

వరసలో తర్వాత ఉన్నావిడ వెళ్ళిపోతున్న మనిషి వైపు చూస్తూ అడిగింది.

"ఇప్పుడు తాగిపోయిన తాత సాయిబు గదా సామీ? వాళ్ళకిది ఒక్కపొద్దుల నెల గదా?"

గుంజ దగ్గర తడిగుడ్డ చుడుతున్న స్వామి చేతులు ఆగాయి.

"నేను మొగం చూడలేదమ్మా" అన్నాడు వామనమూర్తి. "దోసిలి పట్టండి."